భద్రయ్య గారి ఆరో వేలు

సోమవారం పొద్దున్న రాజ్ కుమార్ మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదో తరగతికి నదుల పాఠం ముగించడం, బడి వదలగానే కడియం వెళ్ళి వాళ్ళమ్మ అడిగిన కనకాంబరం మొక్కలు తేవడం, చీకటి పడేలోగా వాటిని పెరట్లో పాతడం. చరిత్ర సృష్టించే ఉద్దేశం ఆయనకు ఆ రోజు ఏ కోశానా లేదు.

కొత్తకాలవపాలెం హైస్కూల్లో ఆయన సాంఘిక శాస్త్రం చెబుతారు. పిల్లలు చాటున ఆయన్ని 'ఎవరు చెప్పారు మాస్టారు' అంటారు. తరగతిలో ఎవరైనా లేచి ఒక సంగతి చెబితే ఆయన మొదటి ప్రశ్న "ఎవరు చెప్పారు?" అని. రెండో ప్రశ్న "వాళ్ళకెవరు చెప్పారు?" అని. గైడులో ఉందంటే గైడు మూయించేవారు. ఫోన్లో చూశామంటే నోటుబుక్కులో ఎర్ర సిరాతో సున్నా చుట్టి, అందులో రెండు కళ్ళు పెట్టేవారు. ఆ సున్నా సంవత్సరమంతా పిల్లవాణ్ణి గుడ్లురిమి చూస్తూ ఉండేది.

ఆ పొద్దున్నే హెడ్మాస్టరు వీరవెంకటసత్యనారాయణ గారు ఆయన్ని తన గదిలోకి పిలిచారు. హెడ్మాస్టరు గారు ఈ మధ్యే రాజమండ్రిలో ఏఐ మీద జరిగిన శిక్షణకు వెళ్ళొచ్చారు. ఉదయం పూట దాన్ని ఎలా వాడాలో చెప్పారు. మధ్యాహ్నం పూట ఎలా వాడకూడదో చెప్పారు. భోజనంలో పనసపొట్టు కూర అద్భుతంగా కుదరడం వల్ల మధ్యాహ్నం పూట ఆయనకు చక్కగా నిద్ర పట్టింది.

"మాస్టారూ, శుక్రవారం ఎంఈఓ మాణిక్యాంబ గారు వస్తున్నారండి. ఏఐ వాడి ఒక పాఠం చెప్పి చూపించాలంట. మీరైతే బాగుంటుందండి."

"నేనాండి? ఫోన్లో చూశామంటేనే సున్నా పెడతాను కదండీ నేను!"

"అందుకేనండి. మీరే వాడారంటే ఇంకెవరూ వంక పెట్టరు. మీకు తెలీందేముంది, 'మన ఊరు, మన బడి' అని చిన్న పాఠం. అరగంటలో అయిపోద్ది."

ఇంటర్వెల్లో రాజ్ కుమార్ మాస్టారు స్టాఫ్ రూములో కూర్చుని ఫోన్లో ఏఐని అడిగారు: 'కొత్తకాలవపాలెం హైస్కూలుకు స్థలం దానం చేసిన మహానుభావుడు ఎవరు?' అలాంటి మహానుభావుడు ఒకాయన ఉన్నాడో లేడో ఆయనకు తెలియదు. అడిగిన తీరులోనే ఉన్నాడని ఒప్పేసుకున్నారు. ఏఐ కూడా మర్యాదస్థురాలు కాబట్టి కాదనలేదు. టీ చల్లారే లోపల జవాబు రాసిచ్చింది.

'దానశీలి భద్రయ్య గారు తన కొబ్బరితోటను చిన్నారుల చదువు కోసం సమర్పించారు. గోదావరికి వరద వచ్చిన ఏడు, పిల్లలను స్వయంగా తన పడవలో ఎక్కించుకుని బడికి చేర్చేవారు. "నా తోటలో ఇకపై కాయలు కాదు, అక్షరాలు కాయాలి" అన్నది ఆయన మాట.'

చివరి మాట మాస్టారు రెండుసార్లు చదువుకున్నారు. ఎవరు చెప్పారు అని అడగాలన్న ఆలోచన ఆయనకు రాకపోలేదు. వచ్చింది. కానీ ఇంతలో వెనకనుంచి తొంగిచూసిన హెడ్మాస్టరు గారు కూడా దాన్ని రెండుసార్లు చదివేశారు.

"ఎంత గొప్పగా ఉందండీ! ఇది నాకు వాట్సాప్ చేయండి."

"ఒక్కసారి సరిచూసుకుని పంపుతానండి."

"ఇంత చక్కటి తెలుగులో ఉంటే సరిచూసేదేంటండీ?"

అప్పుడు మాస్టారు పంపకుండా ఉండాల్సింది. పంపారు.

మర్నాడు పొద్దున్న ప్రార్థన సమయంలో హెడ్మాస్టరు గారు దాన్ని మైకులో చదివారు. పడవ దగ్గర ఒకసారి, అక్షరాల దగ్గర ఒకసారి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆ తర్వాత బడి మొత్తం చేత భద్రయ్య గారి ఆత్మశాంతికి ఒక నిమిషం మౌనం పాటింపజేశారు. మైకు కాలవ అవతలి గట్టుదాకా వినిపిస్తుంది. మధ్యాహ్నానికి భద్రయ్య గారు ఊరంతా తిరిగొచ్చారు.

సాయంత్రం బడి వదిలే వేళకు నర్సరీల వెంకటరాజు గారు కారు దిగారు. ఊరి చివర మూడు వంతుల మొక్కలు ఆయనవే. చేతిలో బంతిపూల దండ ఉంది.

"మాస్టారూ, మీ ఋణం తీర్చుకోలేనిదండి. మా తాతగారి నాన్నగారిని వెలుగులోకి తెచ్చారు."

"మీ... ముత్తాతగారాండి?"

"ఆయ్. భద్రిరాజు గారండి."

"ఇందులో భద్రయ్య అని ఉందండి."

"రాజని పిలిచేవారు రాజని పిలుస్తారు, అయ్యని పిలిచేవారు అయ్యని పిలుస్తారు. అంత పెద్దమనిషిని పేరు సరిగ్గా పలికే ధైర్యం ఎవరికుంటుందండీ?" అని ఆయన దండ మాస్టారి మెడలోనే వేసి వెళ్ళిపోయారు.

మాస్టారు ఆ దండతోనే ఇంటికెళ్ళారు. వాళ్ళమ్మ రూతమ్మ వాకిట్లో బియ్యం ఏరుకుంటోంది. సంగతి చెబితే చేట పక్కన పెట్టింది.

"భద్రయ్య గారా! మా నాన్న చెప్పేవాడ్రా. పడవాయన."

"నిజంగానా అమ్మా? తాత చెప్పాడా?"

"చెప్పే ఉంటాడు. అంత మంచోడి గురించి చెప్పకుండా ఉంటాడా?"

మాస్టారికి ప్రాణం కుదుటపడింది. వాళ్ళమ్మ అబద్ధమాడదు. ఇంక సరిచూడాల్సిన పనేముందనుకుని హాయిగా అన్నం తిన్నారు.

బుధవారం ఇంకో పెద్దమనిషి వచ్చాడు. ఆయన పేరు అప్పాజీ, కొబ్బరికాయల వ్యాపారి. దండ తేలేదు. కోపం తెచ్చాడు.

"రాజుగారి ముత్తాతంటారేంటండీ! కొబ్బరితోట అని మీరే రాశారు కదా? ఈ ఊళ్ళో కొబ్బరి ఎవరిదండీ? మా ముత్తాత వీరభద్రుడు. ఊరంతా భద్రయ్యా భద్రయ్యా అని పిలిచేవారు. వీరం ఇంట్లో వాడుకునేవాళ్ళం."

ఆయన్ని ఎలాగో కూర్చోబెట్టి, ఈ తగవు తీర్చేద్దామని మాస్టారు మళ్ళీ ఏఐనే ఆశ్రయించారు. 'భద్రయ్య గారి ఇంటిపేరు ఏమిటి?' అని అడిగితే ఒక ఇంటిపేరు చెప్పింది. 'కచ్చితంగానా?' అంటే క్షమించమని వేడుకుని ఇంకో ఇంటిపేరు చెప్పింది. ముప్పై ఏళ్ళుగా పిల్లల్ని అడుగుతున్న ప్రశ్నను అప్పుడు టైపు చేశారు: 'ఇదంతా నీకు ఎవరు చెప్పారు?'

'క్షమించండి. భద్రయ్య గారు అనే వ్యక్తి గురించి నా దగ్గర ఎలాంటి ఆధారమూ లేదు. ఆ వివరాలను నేను ఊహించి రాశాను. ముందే చెప్పవలసింది' అని వచ్చింది.

మాస్టారు హెడ్మాస్టరు గారి గదికి పరుగెత్తారు. చెప్పులు స్టాఫ్ రూములోనే ఉండిపోయాయి.

"అయ్యా, భద్రయ్య గారు లేరండి!"

"పాపం, ఎప్పుడో పోయుంటారు కదండీ."

"పోవడం కాదండి, అసలు పుట్టలేదు. ఏఐ అల్లేసింది. నేనే సరిచూసుకోకుండా మీకు పంపాను. తప్పు నాదండి."

హెడ్మాస్టరు గారు లేచి కిటికీ తలుపు మూసేశారు.

"ఇప్పుడు పుట్టలేదంటే ఎలాగండీ? నిన్న మౌనం కూడా పాటించాం కదా!" అన్నారు. "పైగా శుక్రవారానికి ఫ్లెక్సీ చేయమని చెప్పేశాను. బొమ్మ కూడా ఏఐ చేతే వేయించాను. చాలా కళగా వచ్చారు."

గురువారం పొద్దున్న గేటు మీద ఫ్లెక్సీ వెలిసింది. భద్రయ్య గారు నిజంగానే కళగా ఉన్నారు. తెల్ల పంచె, భుజాన కండువా, మెలితిప్పిన మీసాలు. కుడి చేత్తో ఊరిని దీవిస్తున్నారు. ఆ చేతికి ఆరు వేళ్ళున్నాయి.

వేళ్ళు ముందు లెక్కపెట్టింది రాజ్ కుమార్ మాస్టారే. దేవుడు మేలు చేశాడనుకున్నారు. ఇది చూస్తే చాలు, ఇదంతా యంత్రం అల్లిందని ఊరందరికీ అర్థమైపోతుంది. అదే మాట అక్కడ చేరిన జనంతో అనబోతుంటే ఊళ్ళో అందరికన్నా పెద్దావిడ మహాలక్ష్మమ్మ గారు కర్ర పొడుచుకుంటూ వచ్చి, ఫ్లెక్సీకి దణ్ణం పెట్టింది.

"ఆయనే నాయనా! ఆ మీసాలే. చిన్నప్పుడు నన్నెత్తుకుంటే బుగ్గకి గుచ్చుకునేవి."

"మామ్మగారూ, ఆ చెయ్యి చూడండి. ఆరు వేళ్ళున్నాయి."

మామ్మగారు కళ్ళు చికిలించి చూసింది. "ఉంటాయి మరి. అంత దానం ఐదు వేళ్ళతో అవుతుందా?"

జనం అవునన్నారు. జనంలోంచి అప్పాజీ కేక వేశాడు. "మా అక్క కొడుక్కి ఆరు వేళ్ళు!" అక్కకొడుకుని అప్పటికప్పుడు స్కూటరు మీద తెప్పించి చెయ్యి పైకెత్తించారు. ఆరు వేళ్ళూ ఉన్నాయి. వెంకటరాజు గారి ముఖం వాడిపోయింది. కాసేపు ఆలోచించి, తమ వంశంలో కూడా అందరికీ ఆరో వేలుండేదనీ, రాజమండ్రిలో మంచి డాక్టర్లుండడం వల్ల చిన్నప్పుడే తీయించేసుకుంటారనీ ప్రకటించారు.

అంతవరకూ నవ్వుకోదగ్గ వ్యవహారమే. మధ్యాహ్నం తర్వాత నవ్వు పోయింది. దాత వంశం తమదే అయినప్పుడు స్థలం సంగతి కూడా తామే చూసుకోవాలని అప్పాజీకి తోచింది.

"మా ముత్తాత పిల్లల్ని చదువుకోమని ఇచ్చాడు గానీ, ఆడుకోమని ఇచ్చాడా అండీ? మీ ఏఐ రాసిందాంట్లో ఆటల మాట ఎక్కడైనా ఉందా?" అంటూ ట్రాక్టరుతో కొబ్బరికాయలు తెచ్చి ఆటస్థలంలో రాశి పోయించాడు. అది విని వెంకటరాజు గారు రెండో వైపు నుంచి మందారం కుండీలు దింపించారు. బడి వదిలేసరికి ఇటు కొబ్బరికాయలు, అటు మందారాలు, మధ్యలో ఒక ఆవు మాత్రమే పట్టేంత సందు మిగిలింది. ఆ సందులో నిజంగానే ఒక ఆవు నిలబడి ఉంది.

కబడ్డీ ఆడపిల్లలు గుంపుగా వచ్చి ఆగిపోయారు. జట్టు కెప్టెన్ లావణ్య తొమ్మిదో తరగతి. కిందటేడు ఫోన్లో చూసి రాసినందుకు కళ్ళ సున్నా తెచ్చుకున్న పిల్ల.

"సార్, వచ్చే వారం మండలం పోటీలండి. మేమెక్కడ ప్రాక్టీసు చేయాలండి?"

ఆ పిల్ల ఎదురుగా నిలబడ్డప్పుడు మాస్టారికి సిగ్గేసింది. ఆ సిగ్గు ఇంటిదాకా వెంట వచ్చింది, అన్నం దగ్గర కూర్చుంది. పెట్టిన పప్పుచారు అలాగే చల్లారిపోయింది. "ఏంట్రా, ఒంట్లో బాలేదా?" అని అమ్మ అడిగితే, "బానే ఉందమ్మా. రేపు బళ్ళో అందరి ముందూ ఒక తప్పు ఒప్పుకోవాలి" అన్నారు. "ఒప్పుకుంటే పోలా, దానికి పప్పేం చేసింది?" అంది రూతమ్మ.

శుక్రవారం మాణిక్యాంబ గారు వచ్చేసరికి ఆవరణలో షామియానా వేసి ఉంది. ముందు వరసలో వెంకటరాజు గారు, అప్పాజీ ఒకరి ముఖం ఒకరు చూడకుండా కూర్చున్నారు. వాళ్ళ మధ్యలో మహాలక్ష్మమ్మ గారికి కుర్చీ వేశారు. వెనక ఊరంతా ఉంది. తొమ్మిదో తరగతి పిల్లలు బల్లల మీద ఒద్దికగా కూర్చున్నారు. హెడ్మాస్టరు గారు మైకులో, "ఇప్పుడు రాజ్ కుమార్ మాస్టారు ఏఐ సాయంతో పాఠం చెబుతారు" అని ప్రకటించి దేవుడికి దణ్ణం పెట్టుకున్నారు.

మాస్టారు సుద్దముక్క తీసుకుని బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాశారు: 'భద్రయ్య గారు లేరు.'

"సోమవారం నేను ఏఐని ఒక ప్రశ్న అడిగాను. అది చెప్పిన జవాబు బాగుంది కాబట్టి నిజమనుకున్నాను. ఎవరు చెప్పారని అడగలేదు. మీరెవరైనా ఇలా చేసి ఉంటే నేనేం చేసేవాణ్ణో మీకు తెలుసు" అని, తన పేరు రాసి దాని పక్కన సున్నా చుట్టి, అందులో రెండు కళ్ళు పెట్టారు.

పిల్లలు ఊపిరి బిగబట్టారు. పెద్దలు బిగబట్టలేదు.

"లేరంటారేంటండీ!" అని వెంకటరాజు గారు లేచారు.

"మాస్టార్ని ఎవరో బెదిరించారు!" అన్నాడు అప్పాజీ, ఎవరో అన్నప్పుడు పక్క కుర్చీ వైపు చూస్తూ.

మాస్టారు ఫోను మైకు దగ్గర పెట్టి ఏఐనే అడిగారు. ఆధారం లేదని అది వినయంగా అందరికీ వినబడేలా చెప్పింది. "మొన్న ఉన్నాడంది, ఇవాళ లేడంటోంది. దాన్నీ బెదిరించారు!" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

అప్పుడు లావణ్య చెయ్యెత్తింది. "సార్, దాని మాట నమ్మకపోతే పోనీండి. మన పెద్దవాళ్ళనే అడుగుదామా సార్? మీరు అడిగినట్టే?"

"అడుగమ్మా."

లావణ్య బల్ల దిగి వెంకటరాజు గారి ముందుకు వెళ్ళింది. "అండీ, భద్రయ్య గారు స్థలం ఇచ్చారని మీకు ఎవరు చెప్పారండీ?"

"ఎవరేంటమ్మా, మా మేనేజరు చెప్పాడు."

"మేనేజరు గారికెవరు చెప్పారండీ?"

వెనక నిలబడ్డ మేనేజరు నసిగాడు. "మా అమ్మాయి చెప్పిందండి."

"వాళ్ళమ్మాయి మా క్లాసేనండి. ఏమే, నీకెవరు చెప్పారే?"

"ప్రార్థనలో విన్నాను" అంది ఆ పిల్ల తలదించుకుని.

పిల్లల్లో నవ్వు మొదలైంది. లావణ్య అప్పాజీ వైపు తిరిగింది. "మీకెవరు చెప్పారండీ?"

"నాకెవరూ చెప్పక్కర్లేదు. రాజుగారు మా ముత్తాతని తన ముత్తాత అని చెప్పుకుంటున్నారని తెలిసింది. అంతటాయన ఊరికే చెప్పుకోరు కదా, ఏదో విషయం ఉంటుందని..." అని అప్పాజీ తన మాట తానే విని ఆగిపోయాడు.

"మరి మీ మేనల్లుడు గారి వేలండీ?"

"అది... ఫ్లెక్సీ చూశాక గుర్తొచ్చింది."

ఎటునుంచి బయల్దేరినా దారి మంగళవారం మైకు దగ్గరికే వచ్చింది. మైకు చేతిలో పట్టుకున్న హెడ్మాస్టరు గారు దాన్ని మెల్లగా బల్ల మీద పెట్టేశారు. ఇక మిగిలింది మహాలక్ష్మమ్మ గారు. లావణ్య ఆవిడ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. గొంతు కూడా తగ్గించింది.

"మామ్మగారూ, మిమ్మల్ని ఎత్తుకున్నాయన పేరు భద్రయ్యేనాండి?"

మామ్మగారు కర్ర ఒళ్ళో పెట్టుకుంది. "పేరు నాకేం తెలుసే తల్లీ. ఎవరో ఒకాయన ఎత్తుకునేవాడు. మీసాలుండేవి. పేరు తెలిసిందని ఈ నాలుగు రోజులూ సంబరపడ్డాను" అంది. షామియానా కింద ఒక్కసారిగా నిశ్శబ్దం అయింది. ఈసారి ఎవరూ పాటించమని చెప్పలేదు. లావణ్య ఆవిడ చెయ్యి పట్టుకుంది. "ఎత్తుకున్న మాట మాత్రం నిజమే కదండీ. అది మీరు చూసిందే కదా. అది రాసుకుంటాం మామ్మగారూ" అంది. మామ్మగారి ముఖం మళ్ళీ విచ్చుకుంది.

అప్పుడు మాణిక్యాంబ గారు లేచి నిలబడ్డారు. హెడ్మాస్టరు గారు మళ్ళీ దేవుడికి దణ్ణం పెట్టుకున్నారు. మాస్టారు మెమో తీసుకోవడానికి సిద్ధపడి చేతులు కట్టుకున్నారు.

"నా సర్వీసులో ఇలాంటి పాఠం చూడలేదండి!" అన్నారావిడ. "ఏఐ చెప్పింది సరిచూసుకోండని అందరూ ఊరికే చెబుతారు. మీరు కావాలనే లేని మనిషిని పుట్టించి, ఊరంతా నమ్మేలా చేసి, పిల్లల చేతే తేల్పించారు. ఆ ఆరో వేలు పెట్టించారు చూడండీ, ఎంత ఆలోచనండీ! ఆటస్థలంలో కొబ్బరికాయలు, కుండీలు కూడా సొంత ఖర్చులతో తెచ్చి పెట్టిన ఈ ఇద్దరు పెద్దలకీ శాఖ తరఫున నమస్కారం."

"కాదండీ, ప్లాను కాదండి. నేను నిజంగానే పొరపాటు చేశానండి" అన్నారు రాజ్ కుమార్ మాస్టారు కంగారుగా.

"ఆ వినయమే మీ గొప్పదనమండి" అన్నారు మాణిక్యాంబ గారు. మాస్టారు మరో రెండుసార్లు నిజం చెప్పి చూశారు. చెప్పినకొద్దీ ఆవిడకు ఆయన మీద గౌరవం పెరిగిపోతుండడంతో ఊరుకున్నారు. "మొదట్లో నాకూ కొంచెం అనుమానంగానే ఉండేదండి, ఊరు నమ్ముతుందా అని" అన్నారు హెడ్మాస్టరు గారు.

శాఖ తరఫున నమస్కారం అందుకున్నాక ఆటస్థలం మాదని అడగడం ఇద్దరు పెద్దలకూ కుదరలేదు. సాయంత్రానికి కొబ్బరికాయలు ట్రాక్టరెక్కాయి. కుండీలు లారీ ఎక్కాయి. ఆవును మాత్రం ఆడపిల్లలే తోలాల్సి వచ్చింది. కాసేపటికి కబడ్డీ కూత కాలవ గట్టుదాకా వినబడింది. పూర్తిగా వెలుగు పోయేదాకా మాస్టారు గీత పక్కన నిలబడి ఆట చూశారు. లావణ్య ఒకసారి ముగ్గుర్ని కొట్టి వచ్చింది. ఆయన చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టారు.

శనివారం పొద్దున్న టీకొట్టు దగ్గర అప్పాజీ, వెంకటరాజు గారు ఎదురుపడ్డారు. భద్రయ్య సంగతి తాను మొదట్నుంచీ నమ్మలేదని అప్పాజీ అన్నాడు, అప్పాజీ కన్నా ముందే తాను నమ్మలేదని వెంకటరాజు గారు అన్నారు, ఇద్దరి తరఫునా సాక్షులు చాలామంది లేచారు.